యాభై దాటితే వణికే జీపు

ఇది ఒక మహాప్రయాణ గాథ. కాదులెండి, ఆర్మూర్ నుంచి నిజామాబాద్ దాకా, మధ్యలో టీకి కూడా ఆగలేదు. మొన్న పెర్కిట్ దాటి హైవే ఎక్కగానే నా చేతుల్లో స్టీరింగు వణికితే గుర్తొచ్చింది.

అప్పుడు నేను ఇంకా బడికి పోని పిల్లాణ్ని. జ్వరంతో వణుకుతూ, ఊపిరి అందని తాతను నాన్న మా పాత జీపులో పెద్ద దవాఖానకు తీసుకెళ్తున్నాడు. వేగం యాభై దాటగానే జీపు గడగడా కొట్టుకోసాగింది. తాత జ్వరమే దానికీ అంటుకుందనుకుని, నా తువ్వాలు తీసి డ్యాష్‌బోర్డు మీద కప్పాను.

జీవితమంతా ఆ జీపే నడిపిన తాత, వెనక సీట్లో పడుకునే అరచెయ్యి కింద రేకుకు ఆనించాడు.

"గేరు తీసి చూడురా."

నాన్న న్యూట్రల్ చేశాడు. వణుకు తగ్గలేదు.

"ఇంజన్ మంచిగనే ఉన్నది. బీమారి చక్రంల ఉన్నది."

"ఊడుతదా బాపూ?"

"ఏమో. నలభైల పోనియ్. నాకేమన్న లగ్గం టైమైతుందా?"

నలభైలో జీపు వణకలేదు. తువ్వాలు పనిచేసిందని సంబరపడ్డాను. దవాఖాన గేటు చేరేసరికి తాత కూడా వణకడం మానేశాడు. అదీ తువ్వాలు గొప్పే అనుకున్నాను.

"జర ముందు తేవాల్సింది" అన్నాడు డాక్టరు.

తాత దినాలయ్యాక నాన్న చక్రం విప్పాడు. రిమ్ము లోపల ఒకపక్కన పసుపు చేను బురద ఎండి గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే రాలిపోయింది. ఆ తర్వాత జీపు ఎనభైలో కూడా వణకలేదు.

చేనుకు పోయొచ్చాక చక్రాలను లోపలివైపు కూడా కడగాలి.