సుబ్బులమ్మ బటన్

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వెనక వీధిలో సుబ్బులమ్మకున్నంత టీవీ పిచ్చి ఇంకెవరికీ లేదు. చూపు పూర్తిగా పోయాక కూడా ఆ పిచ్చి తగ్గలేదు. కళ్లు కనపడని మనిషికి సీరియల్ ఎందుకని ఎగతాళి చేసినవాళ్లకు ఆమె నోటి దురుసు రుచి చూపించేది.

ఆమె తరఫున చూసేది పక్కింటి చాంద్‌బీ. పొద్దుగూకగానే వచ్చి మంచం అంచున కూర్చునేది. "వదినా, చిన్న కోడలు ఏడుస్తాంది. అంతా నాటకమే, కాటుక కూడా చెదరలా" అనేది. మాటల్లో వినపడని ఆ సంగతుల కోసమే సుబ్బులమ్మ పొద్దంతా ఎదురుచూసేది. ఇట్లాంటి మనిషిని పక్కింట్లో పెట్టినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకునేది.

అంతలో కంపెనీవాళ్లు వచ్చి సుబ్బులమ్మ ఇంట్లో టీవీకి ఒక పెట్టె బిగించారు. ఏ ఛానెల్‌ను ఎంతమంది చూస్తున్నారో, వాళ్లు ఆడో మగో, ఏ వయసువాళ్లో లెక్కతీసే పెట్టె అది. ఇంట్లో మనిషికో బటన్ ఉంటుంది. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎవరిది వాళ్లు నొక్కాలి. సంగతి బయట చెప్పకూడదన్నారు. కోడలు నాగజ్యోతి అసలే భయస్తురాలు. పెట్టె చాంద్‌బీ కంటపడుతుందని "కొన్నాళ్లు రావొద్దులే పిన్నీ" అనేసింది. ఎందుకో చెప్పలేదు. చాంద్‌బీ చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కోడలు అత్త బటన్ నొక్కబోతే సుబ్బులమ్మ ఆపింది.

"నాది నొక్కొద్దు. నేను చూడటంల్యా."

"వినపడతాంది గదా అత్తా?"

"వినేదానికి రేడియో చాలు."

రోజులు గడిచినా ఆమె పట్టు వీడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. చివరికి పెట్టె బాగోగులు చూసే వినయ్ కుమార్ వచ్చాడు.

"అవ్వా, నీ బటన్ ఎందుకు నొక్కటంల్యా?"

"నాకు చూసిపెట్టే మనిషిని రావొద్దన్నారు నాయనా. నేనెట్ల చూసేది?"

సంగతంతా విని అతను నెత్తి కొట్టుకుని నాగజ్యోతి వైపు తిరిగాడు. "పెట్టె సంగతి ఊరంతా చెప్పొద్దన్నాం గానీ, ఇంటికొచ్చేవాళ్లను ఆపమన్లేదక్కా. వాళ్లకూ వేరే బటన్ ఉంది. ఆడో మగో, వయసెంతో నొక్కితే సరి."

నాగజ్యోతి సిగ్గుపడి, తానే వెళ్లి చాంద్‌బీ చేతులు పట్టుకుని పిలుచుకొచ్చింది. వయసు అడిగితే చాంద్‌బీ తెల్లమొహం వేసింది.

"నాకంటే పదేళ్లు చిన్న. యాభై ఎనిమిది వెయ్యి" అంది సుబ్బులమ్మ.

"ఇంకో రెండు తగ్గియ్యరాదా వదినా?" అంది చాంద్‌బీ. ఆ నవ్వుతో అలక కాస్తా పోయింది.

సీరియల్ మొదలైంది. మంచం అంచు కిర్రుమనగానే సుబ్బులమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తడుముకుంటూ చాంద్‌బీ చెయ్యి పట్టుకుంది.

"జ్యోతీ, ముందు మీ పిన్నిది నొక్కు. ఆ తర్వాతే నాది."