ఆరువందల పద్నాలుగో బిళ్ళ

మా ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో చచ్చినవాళ్ళ ఆచూకీ కావాలంటే వెంకటరావు దగ్గరికే వెళ్ళాలి. రైల్వే వర్క్‌షాపు టైమాఫీసులో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేశాడు. పాత కాగితాలు తుక్కు కింద పోతుంటే అడిగి మూడు గోనెసంచులు ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరయ్యాక మిగతావాళ్ళు పేకాటలో పడితే ఇతను ఆ సంచుల్లో పడ్డాడు. పక్కవీధి ఆంగ్లో ఇండియన్ ఎమిలీ గారి ముత్తాత సమాధి ఏదో తేల్చింది ఇతనే. వీధి నూతి గట్టు మీద చెక్కిన పేరు ఎవరిదో చెప్పిందీ ఇతనే. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. నా పేరు కామేశం. రిటైరైన బడిపంతుల్ని, ఇక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శిని. మెచ్చుకోవడానికి నాకేం పోయింది?

ఊళ్ళోవాళ్ళ తాతల్ని వెతికినంతకాలం వెంకటరావు మంచివాడే. తన తాతను వెతికి చెడ్డవాడయ్యాడు.

అతని తల్లి పోలమ్మకు ఎనభై మూడేళ్ళు. తండ్రి ముఖం ఎరగదు. ఆమె కడుపులో ఉండగా తండ్రి పైడి లచ్చయ్య శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పనికోసం ఖరగ్‌పూర్ వచ్చాడు, మళ్ళీ కనబడలేదు. ఎవత్తెనో వెంటేసుకుని అస్సాం పోయాడని ఊరికి కబురొచ్చింది. పెళ్ళయి ఈ ఊరే వచ్చిన పోలమ్మను అత్త బతికున్నన్నాళ్ళూ "లేసిపోయినోడి కూతురా" అనే పిలిచింది. అత్త పోయి నలభై ఏళ్ళయినా పోలమ్మ ఆ మాట మరిచిపోలేదు.

మా వీధి చివర ఒక రాయి ఉండేది. పందొమ్మిదివందల నలభై రెండు తుఫానులో కూలిన ఇళ్ళ కిందనుంచి నలుగురు పిల్లల్ని బయటికి లాగి, ఐదోసారి లోపలికి వెళ్ళి తిరిగిరాని ఒక మనిషి కోసం పాతిన రాయి. శవం జేబులో ఇత్తడి బిళ్ళ దొరికింది. హాజరు కోసం పనివాళ్ళందరికీ నంబరు బిళ్ళలుండేవి. ఇది ఆరువందల పద్నాలుగు. పుస్తకంలో ఆ నంబరు గేదెల నారాయుడిది కాబట్టి రాయి మీద నారాయుడి పేరే చెక్కారు. ఏటా దండ వేస్తాం. సంఘం సావనీరులో అతని మీద వ్యాసం రాసింది నేనే. త్యాగమూర్తి అన్న మాట మూడుసార్లు వాడాను.

కిందటేడు వానాకాలంలో ఒక పొద్దున్న వెంకటరావు మూడు కాగితాలు తెచ్చి మా వరండాలో పరిచాడు.

"మేస్టారూ, ఇవి సదవండి."

మొదటిది నారాయుడు పోయాడని హాజరు పుస్తకంలో పేరు కొట్టేసినప్పటి చీటీ. శవానికి ఎడమచేతి వేళ్ళు రెండు లేవని అందులో ఉంది. రెండోది నారాయుడు పనిలో చేరినప్పటి కాగితం. గుర్తులు రాసేచోట కుడిచెవి కింద కాలిన మచ్చ అని ఉంది, వేళ్ళ ఊసే లేదు. రెండు వేళ్ళు లేనివాణ్ణి ఎదురుగా పెట్టుకుని చెవికింద మచ్చ వెతికే గుమాస్తా ఎక్కడా ఉండడు. మూడోది తుఫాను తరవాత నెలలో చేరిన నారాయుడి తమ్ముడు రాములుది. కుడిచెవి కింద కాలిన మచ్చ.

"మా తాతకి సెరుకు గానుగలో ఎడంసేతి ఏళ్ళు రెండు పోనాయి. మా అమ్మమ్మ సెప్పీది," అన్నాడు వెంకటరావు.

ఇంక విప్పి చెప్పక్కర్లేదు. సెలవు దొరకనప్పుడు బిళ్ళ మరొకడికిచ్చి పనికి పంపి ఊరెళ్ళడం ఆ కాలపు మనవాళ్ళకు మామూలే. నారాయుడు ఊరెళ్ళాడు. అతని బిళ్ళతో లచ్చయ్య పనికెళ్ళాడు, ఆ బిళ్ళ జేబులో ఉండగానే చచ్చాడు. తిరిగొచ్చిన నారాయుడు తాను పోయానని విన్నాడు. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఎప్పుడో పోయిన తమ్ముడి పేరుతో మళ్ళీ చేరి, వదినను ఏలుకున్న మరిదిగా సొంత పెళ్ళాంతోనే కాపురం చేశాడు. అస్సాం కబురు పంపింది అతను కాక ఇంకెవరు? వీధి వీధంతా తెలిసే నోరు మూసుకుంది. మంచి ఇరుగుపొరుగు అంటే అదేనేమో.

నారాయుడి మనవడు శ్రీనివాస్ ఇప్పుడు మా వార్డులో పెద్దమనిషి. పాత రాయి తీసేసి పాలరాయి పెట్టిస్తున్నాడు. సంఘం మీటింగులో కాగితాలు తిరగేసి పక్కన పెట్టాడు.

"ఠీక్ హై వెంకటరావు దాదా, మచ్చలు కలిసినాయి. అయితే మా తాత దొంగని ఊరంతటికీ సెప్పమంటావా?"

"మీ తాతని ఏటీ అనొద్దు, బావూ. ఆ పేరు అలాగే ఉండనీ. పక్కన మా తాత పేరు కూడా రాయించు. మాయమ్మ బతికుండగా రాయించు, అంతే."

అందరూ నావైపు చూశారు. ఆ కాగితాలు నిజమని నాకు తెలుసు. నా వ్యాసం అబద్ధమవుతుందనీ తెలుసు. కొత్త రాయి మీద కార్యదర్శిగా నా పేరు కూడా చెక్కుతున్నారు. ఆధారాలు చాలవని మినిట్సులో రాశాను. నా చేతికి పదివేళ్ళూ ఉన్నాయి మరి, రాయడానికి ఏ ఇబ్బందీ కలగలేదు.

దసరా సప్తమినాడు పాలరాయి మీద గుడ్డ తీశారు. కొత్త రాయి పెడుతున్నారని విన్న పోలమ్మ అది తన తండ్రికేనని అనుకుంది. కాదని చెప్పడానికి వెంకటరావుకు నోరు రాలేదట. జనం వెళ్ళిపోయాక ఆమెను టోటో రిక్షాలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. నేనింకా అక్కడే ఉన్నాను.

ఆమెకు చదువు రాదు. కొడుకు భుజం పట్టుకుని వంగి రాయంతా చేత్తో తడిమింది. అడుగున ఉన్న వరస మీద వేలు ఆగింది.

"ఇదేనేటి మేస్టారూ, మాయయ్య పేరు?"

అది నా పేరు. వెంకటరావు నన్నే చూస్తున్నాడు. అతనికి చదవడం వచ్చు.

"అవునమ్మా," అన్నాను.

ఆమె కొంగుతో నా పేరు తుడిచింది. దానిమీద బంతిపువ్వు పెట్టి చెయ్యి కళ్ళకద్దుకుంది.

"అరవై ఏళ్ళు ఈ దారంటే నీళ్ళు మోసినాను. ఇక్కడే ఉన్నావా, అయ్యా," అంది.