ఫైల్లో లేని గంగమ్మ వాటా

దెయ్యాలూ మహిమలూ నేను నమ్మను. నమ్మకపోతే పోయింది, నమ్మేవాళ్లను ఏడిపించేవాణ్ని కూడా. ఈ సంగతి అక్కడే మొదలైంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుడ్లవల్లేరు దగ్గర ఇంజినీరింగ్ చదివేవాణ్ని. ఆఖరి ఏడాది ప్రాజెక్టులో నాకు జత నాగరాజు. వాళ్లది బందరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి ఆదెమ్మ చేపలమ్ముతుంది. చేపల వేలం నడిపే ప్రోగ్రాం జావాలో రాశాం. నాగరాజుకు అప్పటికే హైదరాబాదులో ఉద్యోగం ఖాయమైంది. ప్రాజెక్టు తప్పితే అది పోతుంది. నాకు ఉద్యోగమూ లేదు, భయమూ లేదు.

చేపల పేర్లు, గంపకు మొదటి పాట ధర విడిగా ఒక ప్రాపర్టీస్ ఫైల్లో పెట్టాం. ధర మారితే ఆ ఫైలు దిద్దితే చాలు, ప్రోగ్రాం జోలికి వెళ్లక్కర్లేదు. పేర్లన్నీ ఆదెమ్మత్తే చెప్పింది. వంజరం, చందువా, పండుగొప్ప. వీటన్నిటికన్నా ముందు గంగమ్మ వాటా రాయమంది. వాళ్లింట్లో వలలోంచి మొదట చేతికొచ్చిన చేపను అమ్మరు, గంగమ్మదని పక్కన పెడతారు.

"కంప్యూటర్‌కి కూడా మొక్కులేంటత్తా" అని నవ్వాను. నాగరాజు రాసిన ఆ లైనును నేనే చెరిపేశాను. వాళ్లమ్మ ఎదుటే అలా నవ్వినా అతను మిగతా పేర్లకు ధరలు వేసుకుంటూ పోయాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది.

బిల్డ్ పని నాది. దానికి అప్పట్లో యాంట్ అనే టూల్ వాడేవాళ్లం. ఏమేం చేయాలో రాసిపెడితే ప్రోగ్రాంను కంపైల్ చేసి ఒక ఫోల్డర్లో సర్ది ఇస్తుంది. రాయనిది మాత్రం చేయదు. జావా ఫైళ్లను కంపైల్ చేయమని రాశాను కానీ, ప్రాపర్టీస్ ఫైలును ఆ ఫోల్డర్లోకి కాపీ చేయమని రాయలేదు. అది లేనిదే ప్రోగ్రాం నడవదు. వేరే మెషీన్లో ఒకసారి నడిపి చూడమని నాగరాజు బతిమాలాడు. చూశానని అబద్ధం చెప్పి గుడివాడలో సినిమాకు వెళ్లాను.

మర్నాడు ఉదయం ఆ ఫోల్డర్ ఒక్కటే సీడీలో పెట్టుకుని కాలేజీ ల్యాబ్‌కు వెళ్లాం. అక్కడి మెషీన్లో మా ప్రోగ్రాం అంతకుముందు ఎన్నడూ నడవలేదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు నాగరాజు దాన్ని నడిపాడు. చేపలన్నీ తెర మీదికి వచ్చాయి. అన్నిటికన్నా పైన, ఇంగ్లీషు అక్షరాల్లో, గంగమ్మ వాటా. ధర సున్నా.

అదేమిటని ఆయన అడిగితే నాగరాజు వివరించాడు. "ఊరి పద్ధతి తెలుసుకుని రాశారయ్యా, బావుంది" అన్నాడాయన.

బయటికి రాగానే నాగరాజు నా వీపు చరిచాడు. "మా అమ్మ మాట నిలబెట్టి నాకు చెప్పకుండా దాచావు చూడరా."

నేనేమీ పెట్టలేదు. అతనే పెట్టాడనుకున్నాను. నువ్వేనంటే నువ్వేనని అనుకుని, వెంటనే లోపలికి వెళ్లి సీడీ తెరిచి చూశాం. ఆ ఫైలే లేదు. సీడీలోంచి ఎవరూ తీసేసే వీలూ లేదు. అదే మెషీన్లో మళ్లీ నడిపితే ఫైలు దొరకలేదని ఎర్రర్ చూపించి ఆగిపోయింది. పాత కాపీ ఏదైనా ఉందేమోనని మెషీనంతా గాలించాం. దొరకలేదు. అప్పుడు సినిమా సంగతి ఒప్పుకున్నాను. నాగరాజు బూతులు తిట్టి, మధ్యలోనే నవ్వేశాడు. అతని ఉద్యోగం నిలిచింది. అందులో నా గొప్పేమీ లేదు.

ఆ ఆదివారం క్షమించమని అడగడానికి ఆదెమ్మత్త దగ్గరికి వెళ్లాను. అంతా వింటూనే ఆమె రాయి మీద చేప రుద్దుతోంది.

"ధరెంత చూపించిందయ్యా?"

"సున్నా అత్తా."

"మరి సరిగ్గానే చూపించిందిగా. అమ్మోరిది ఎవరమ్ముతారు?" అని, పులుసు తిని వెళ్లమంది.

ఇన్నేళ్లుగా ప్రోగ్రాంలు రాసే ఈ పనే చేసుకు బతుకుతున్నాను. లేని ఫైలును ఆ ప్రోగ్రాం ఎక్కడ చదివిందో ఈనాటికీ చెప్పలేను. కొత్త ప్రాజెక్టుకు అలాంటి ప్రాపర్టీస్ ఫైలు తెరిచినప్పుడల్లా మొదటి లైను మాత్రం ఖాళీగా వదిలేస్తాను.