కాపలా లేని పరీక్ష

లెక్కల మాస్టారు పోయారన్న కబురు ఫాదర్ ప్రిన్సిపాల్ స్వయంగా స్టాఫ్ రూముకి వచ్చి చెప్పారు. మూడో పీరియడ్ గంట కొట్టేశారు. నేను సుద్దముక్క తీసుకుని లేవబోతున్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, "పొద్దున్న పోయారట. నిద్రలోనే" అన్నారు.

ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఒకలాంటి తేలిక. నిద్రలో పోయారు. ఎవరూ వచ్చి తలుపు కొట్టలేదు. ఎవరూ జీపెక్కించుకుని తీసుకుపోలేదు. ఆయన చావు ఎలా వస్తుందోనని నేను కొన్నేళ్ళపాటు భయపడిన తీరులో అది రాలేదు. దుఃఖం తర్వాత, క్లాసులోకి వెళ్ళి హాజరు పిలుస్తుంటే వచ్చింది.

మా ఖరగ్‌పూర్ సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మాది కేథలిక్ ఫాదర్లు నడిపే మగపిల్లల హైస్కూలు. ఇంజన్ డ్రైవర్ల ఆంగ్లో ఇండియన్ పిల్లలు, బెంగాలీ గుమాస్తాల పిల్లలు, వర్క్‌షాపులో పనిచేసే మన తెలుగువాళ్ళ పిల్లలు ఒకే బెంచీమీద కూర్చునేవారు. మాస్టారి తండ్రి శ్రీకాకుళం వైపునుంచి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరినవాడు. ఆయన మాత్రం ఫాదర్ల దగ్గరే చదువుకుని ఆ స్కూల్లోనే లెక్కల మాస్టారయ్యారు. పాఠం ఇంగ్లీషులో, మందలింపు బెంగాలీలో, మనసులో మాట తెలుగులో చెప్పేవారు. కేథలిక్ పిల్లలు బైబిలు పాఠానికి వెళ్ళే పీరియడ్‌లో మిగతావాళ్ళకి నీతిబోధ చెప్పే పని కూడా ఆయనదే. నుదుట విభూతితో ఆ క్లాసుకి వెళ్ళేవారు. పుస్తకం మాత్రం తీసేవారు కాదు. "నీతి సదివితే వొచ్చీది కాదు తమ్ముడూ. దానికీ అభ్యాసాలు ఉండాల" అనేవారు నాతో.

ఆ అభ్యాసం శుక్రవారం పరీక్ష. ప్రశ్నలు బోర్డుమీద రాసి ఆయన బయటికి వెళ్ళిపోయేవారు. వరండాలో గోడకి ఆనుకుని, గది వైపు వీపు పెట్టి నిలబడేవారు. టైమయ్యాక వచ్చి జవాబులు రాసేవారు. పిల్లలు తమ పేపరు తామే దిద్దుకుని మార్కులు తామే వేసుకోవాలి. కొత్తగా సైన్సు టీచరుగా చేరిన నాకు ఇది పిచ్చితనంలా కనిపించింది. ఒకసారి అడిగాను కూడా.

"నేను సూస్తన్నానని సరిగ్గా రాసినాడనుకో, అది లెక్క కాదు, భయం" అన్నారు. "భయానికి నేను మార్కులు ఎయ్యలేను."

ఇంత నెమ్మదస్తుడికి అంత కష్టం ఎందుకొచ్చిందో చెప్పాలంటే డెబ్బైల మొదట్లో వచ్చిన ఆ చలికాలం గురించి చెప్పాలి. రోజూ తెల్లారేసరికి గోడలమీద కొత్తగా తారుతో రాసిన నక్సలైట్ల నినాదాలు కనిపించేవి. జనం వాటిని చదివేవారు, కానీ చదివినట్టు కనపడేవారు కాదు. చీకటి పడకముందే పూరీ గేట్ దగ్గర దుకాణాలు మూసేసేవారు. కొందరి ఇళ్ళలో పెద్దకొడుకులు ఇంటికి రావడం మానేశారు. వాళ్ళ పేరెత్తితే తల్లులు మాట మార్చేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో పరీక్షలంటే పుస్తకాలు తెరిచి రాయడమే అయిపోయింది. బల్లమీద కత్తి గుచ్చి ఉంటుందనీ, టీచర్లు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారనీ చెప్పుకునేవారు.

బోర్డు పరీక్షలకి ముందు స్కూల్లో పెట్టే పదకొండో తరగతి టెస్టు పరీక్షలు దగ్గర పడుతుండగా మా గేటుకీ ఒక కాగితం అంటించి ఉంది. ఈసారి అందరూ పుస్తకాలు చూసి రాస్తారు, అడ్డొచ్చినవాళ్ళ సంగతి తర్వాత చూస్తాం అని దాని సారాంశం.

హిస్టరీ చెప్పే బెంగాలీ మాస్టారు ఈయన చెయ్యి పట్టుకుని, "ఛేడే దిన్, మాస్టర్‌మొశాయ్. వదిలేయండి. ఒక్క ఏడాది కళ్ళు మూసుకోండి" అన్నారు.

"నేనెప్పుడూ కళ్ళు మూసుకునే ఉన్నాను కదా దాదా. హాల్లోనే ఉండను" అన్నారు మాస్టారు. స్టాఫ్ రూములో ఎవరూ నవ్వలేదు.

ఫాదర్ పోలీసుల్ని పిలిపిస్తానన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. హాల్లో తుపాకీ పెడితే పిల్లలంతా దొంగలని మనమే చాటినట్టు అన్నారు. మరి హాలు ఎవరు చూస్తారని ఫాదర్ అడిగితే, తాను చూస్తానన్నారు. తోడుగా నా పేరు వేశారు. నన్నెవరూ అడగలేదు. కొత్తవాణ్ణి, కాదనలేను.

పరీక్షకి ముందు ఆదివారం నేను మాస్టారింటికి వెళ్ళాను. ఆయన భార్యని నేను అక్కయ్యగారనేవాణ్ణి. ఆవిడ గుమ్మంలో నిలబడి, న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం ఒకటి విప్పుతున్నారు. తలుపు తీసేసరికి మెట్టుమీద ఉందట. లోపల తెల్లటి కొత్త బట్ట. అంచు లేదు. బెంగాల్లో ఉన్నవాళ్ళకి దాని అర్థం చెప్పక్కర్లేదు. మొగుడు పోయిన ఆడది కట్టుకునే థాన్ అది. బతికున్న మనిషి ఇంటికి దాన్ని పంపితే, త్వరలోనే అవసరం పడుతుందని చెప్పడమే.

ఆవిడ అన్నారు: "నేత బాగుంది. ఉతికి దుప్పటి కుట్టేస్తాను. సలికాలం కదా."

ఆ బట్టని మడిచారు, మడత కుదరక విప్పి మళ్ళీ మడిచారు, మళ్ళీ విప్పారు. మాస్టారు లేచి వెళ్ళి పెరటి తలుపు గడియ పెట్టి వచ్చారు. ఆ తలుపు గడియ పెట్టి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

లెక్కల పరీక్షనాడు, ప్రశ్నపత్రాలు పంచగానే, వాళ్ళు వచ్చారు. గేటు దగ్గర ఇద్దరు ఆగిపోయారు, ఒక్కడు లోపలికి వచ్చాడు. వాణ్ణి చూసి మాస్టారు లేచి నిలబడ్డారు. భయపడి కాదు, గుర్తుపట్టి. అంతకు మూడు నాలుగేళ్ళ ముందు అదే హాల్లో పరీక్ష రాసిన మా స్కూలు కుర్రాడే. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఉండే వర్క్‌షాపు మనిషి కొడుకు. తన చేతికింద అంత బాగా లెక్కలు చేసినవాడు లేడని మాస్టారు నాతో చాలాసార్లు అన్నారు. ఇప్పుడు చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. భుజాన శాలువా, దాని కింద చెయ్యి. ఆ చేతిలో ఉన్న భోజాలి కత్తి తీసి టేబుల్‌మీద పెట్టాడు.

"పుస్తకాలు తియ్యండి. అందరూ సూసే రాయాల" అని పిల్లలతో అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ జోలికి రాను మాస్టారూ. ఆ మూల కూకోండి" అన్నాడు.

పుస్తకాల సంచులు గోడవారగా ఉన్నాయి. ఒకడు లేచాడు. వాడి వెనక ఇంకొందరు లేచారు.

మాస్టారు చేతులు వెనక్కి పెట్టుకుని, "కూకోడం ఎందుకురా? నేను పరీక్షప్పుడు లోపలుండను, నీకు తెల్దా?" అన్నారు. "వాళ్ళ సంగతి వాళ్ళు సూసుకుంటారు. మనిద్దరం బయటికి పోదాం రా."

అని ఆయన గుమ్మం దాటారు. వాడు టేబుల్‌మీద కత్తి వైపు చూశాడు, నా వైపు చూశాడు, కత్తి తీసుకుని ఆయన వెనకే వెళ్ళాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. వాళ్ళ మాటలు నాకు వినిపిస్తున్నాయి.

"ఈ పరీక్షలు ఎవలి కోసం మాస్టారూ? గుమాస్తా బాబుల్ని తయారుసేసీడానికి. మా అయ్య లాంటోలికి వీటివల్ల ఏటొచ్చింది?"

"ఏమీ రాలేదు. నువ్వన్నది నిజమే కావొచ్చు. అయితే రుజువు సెయ్యి. పరీక్ష కాయితం సింపీడం రుజువు కాదురా. నీకు నేనే నేర్పినాను."

లోపల పేజీలు తిరుగుతున్న చప్పుడు అక్కడక్కడా వినిపిస్తోంది.

"ఎక్కడ పడుకుంటన్నావు?" అని మాస్టారు అడిగారు. "మీ అమ్మకి ఏటన్నా సెప్పమంటావా?"

రెండోదానికే వాడు జవాబు చెప్పాడు. "బతికే ఉన్నానని సెప్పండి."

శాలువా కప్పుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు గంట కొట్టేదాకా గోడకి ఆనుకుని అక్కడే ఉన్నారు. లోపలికి వచ్చాక పిల్లలతో ఒక్కటే అన్నారు: పుస్తకం చూసినవాళ్ళు పేపరు చివర ఒక గీత గీసి ఇవ్వండి. ఫాదర్‌తో మాట్లాడి గీత ఉన్నవాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టించారు. బెత్తం తీయనివ్వలేదు. పుస్తకం ముట్టలేదని నేను కళ్ళారా చూసిన కుర్రాడు కూడా ఒకడు గీత గీశాడు. ఎందుకురా అంటే, "పక్కవాడి పుస్తకం కనిపించింది సార్" అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం సైకిళ్ళమీద న్యూ సెటిల్‌మెంట్ వెళ్ళాం. ఆ తల్లి తలుపు ఓరగా తీసి, మమ్మల్ని కాదు, మా వెనక వీధిని చూసింది.

"బతికే ఉన్నాడమ్మా. నేను సూసినాను" అన్నారు మాస్టారు.

"అన్నం తిన్నాడా బాబూ?"

"తిన్నాడు."

ఆయన అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. తిరిగి వస్తుంటే పాన్ దుకాణం దగ్గర ఎవరో సైకిలు దిగి మమ్మల్ని చూస్తున్నారు. పూరీ గేట్ వచ్చేదాకా ఆ సైకిలు మా వెనకే ఉంది. మాస్టారు తల తిప్పలేదు. నేను రెండుసార్లు తిప్పాను.

కొన్నాళ్ళకి ఊరి బయట పట్టాల పక్కన ఒక శవం దొరికింది. ఎవరు చంపారో ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు. ఆ కుర్రాడి తండ్రి పొద్దున్నే మాస్టారింటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. "నేనెల్లి నా కొడుకంటే ఉజ్జోగం పోద్ది బాబూ. ఇంకా పిల్లలున్నారు" అని నేలమీద కూర్చుండిపోయాడు. మాస్టారు అతన్ని లేవనెత్తలేదు, ఓదార్చలేదు. చొక్కా తొడుక్కుని బయలుదేరారు. అక్కయ్యగారు వెళ్ళొద్దనలేదు. వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో ఉన్నారు.

మాస్టారు నన్ను వెంటబెట్టుకుని ఠాణాకి వెళ్ళి శవాన్ని గుర్తుపట్టారు. ఏమవుతాడని పోలీసులు అడిగితే, "నా దగ్గర సదువుకున్నాడు" అన్నారు. నన్ను పొమ్మన్నారు, ఆయన్ని ఉంచేశారు. నేను పరుగున వెళ్ళి ఫాదర్‌కి చెప్పాను. ఆయన తెల్ల అంగీతోనే వచ్చి ఠాణా ముందు బెంచీమీద కూర్చుని, పంపేదాకా లేవనన్నారు. మర్నాడు మధ్యాహ్నం పంపించారు. ఫాదర్ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించి తెచ్చారు. "నీళ్ళు కాగినాయి, రండి" అని మాత్రం అన్నారు అక్కయ్యగారు.

చాలా ఏళ్ళ తర్వాత, రిటైరయ్యేముందు ఒకసారి, అక్కడేం అడిగారని ధైర్యం చేసి అడిగాను.

"వాడు నాతో ఏటి సెప్పినాడని అడిగినారు. వాళ్ళమ్మకి ఒక మాట సెప్పమన్నాడన్నాను. ఆ మాటేటని అడిగినారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది ఆవిడకిమ్మన్న మాట, మీకు కాదన్నాను. అదే మళ్ళీ మళ్ళీ అడిగినారు."

నాకు శుక్రవారం పరీక్షలు పెట్టడం ఆయనే నేర్పారు. గది వదిలి బయటికి వచ్చిన ప్రతిసారీ ఇప్పటికీ నా గుండె కొంచెం దడదడలాడుతుంది. పిల్లల్ని నమ్మడమంటే ఒకసారి తీసుకునే నిర్ణయం కాదనీ, ప్రతి వారం భయపడుతూనే మళ్ళీ చెయ్యాల్సిన పని అనీ ఆయనవల్లే తెలిసింది.

ఠాణానుంచి వచ్చాక ఆయన సోమవారమే క్లాసుకి వెళ్ళారు. ఆ రోజు కిటికీలోంచి చూశాను. కుడి చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకుని ఎత్తబోయారు, లేవలేదు. కాసేపు ఆగి, బోర్డు కింది సగంలో లెక్క రాయడం మొదలుపెట్టారు. వెనక బెంచీలవాళ్ళకి కనిపించలేదు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు లేచి నిలబడి రాసుకున్నారు. రిటైరయ్యేదాకా ఆ గదిలో అలాగే సాగింది. ఆ గదిలో పాఠం చెప్పే మాకెవరికీ కూడా అప్పటినుంచీ పైసగంమీద రాయడానికి చెయ్యి రాలేదు.

ఆయన్ని దహనం చేసి వచ్చిన మర్నాడు నాకు ఆ గదిలోనే మొదటి పీరియడ్. పిల్లలింకా రాలేదు. తడిగుడ్డతో బోర్డు తుడిచాను. కింది సగం ఏళ్ళ తరబడి సుద్ద రాపిడికి బూడిదరంగు తేలి ఉంది, ఎంత తుడిచినా నలుపు రాలేదు. పైసగం మాత్రం కొత్తదానిలా నల్లగా, నున్నగా ఉంది. కిటికీలోంచి పడిన ఎండ ఆ నలుపుమీద మెరుస్తోంది.