మూగ సినిమా నేర్పిన మర్యాద

బెర్లిన్‌కు రాకముందు నాకు తెలిసిన బెర్లిన్‌కు మాటలు లేవు. ఆ రోజుల్లో మా వైద్య కళాశాల ఫిలిం క్లబ్బులో యూరప్ వాళ్ల పాత మూగ సినిమాలు వేసేవారు. వాటిలో నగరమంటే దీపాల వీధులు, కార్లు, బొచ్చుకోట్లు. డబ్బున్న ఇల్లాలు ఎదుటికొచ్చిన వెండి పళ్లాన్ని రెండు వేళ్లతో పక్కకు నెట్టి నిట్టూర్చేది. (ఆకలి వేసేది పేదవాళ్లకే.)

ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, నెలాఖరుకల్లా ఆసుపత్రి హాస్టలు ఖాళీ చేయమన్నారు. అటక మీద గది అద్దెకిస్తానన్న ఒక ఇంజనీరు గారి భార్య, "ముందు రాత్రి భోజనానికి రండి, గది సంగతి తర్వాత" అంది. కలిగినదానిలా కనబడితే ఇస్తుందనుకున్నాను. గద్వాల పట్టుచీర కట్టి, హాస్టల్లోని కేరళ నర్సు దగ్గర, ఆ సినిమాల్లోలా మోచేతుల దాకా వచ్చే తెల్ల గ్లవ్స్ అరువు తెచ్చుకున్నాను. విందుకు న్యాయం చేయాలని మధ్యాహ్నం తిండి మానేశాను.

తీరా చూస్తే బల్ల మీద నల్ల రొట్టె, జున్ను, ఉప్పునీటిలో ఊరిన దోసకాయలు. పొయ్యి వెలిగించిన జాడే లేదు. అసలు వంటకాలు తర్వాత వస్తాయనుకున్నాను; అక్కడ రాత్రి భోజనమంటే అదేనని నాకప్పటికి తెలియదు. ఆవిడ పళ్లెం చాపింది. మన పద్ధతి తెలిసిందే కదా, మొదటిసారి వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారి తీసుకోవాలి. "అబ్బే, వద్దండీ" అంటూ రెండు వేళ్లతో నెట్టాను.

"సరే" అని పళ్లెం తన వైపు లాక్కుంది. రెండోసారి రానే లేదు.

నన్ను గ్లవ్స్ నుంచి చీర అంచు దాకా చూసి, "మా గది మీకు ఆనదేమో. స్నానాల గది కింద అంతస్తులో ఉంది. మీలాంటివారికి కష్టం" అంది. గది చేజారుతోంది. అప్పుడు నా కడుపు మాట్లాడింది. సినిమాలో అయితే ఎవరికీ వినిపించేది కాదు.

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు."

"మరి వద్దన్నారెందుకు?"

"ఇంకోసారి అడుగుతారనుకున్నాను."

కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "ఈ ఇంట్లో ఒక్కసారే అడుగుతాం. ఆ గ్లవ్స్ తీసి తినండి, డాక్టరు గారూ." తిన్నాను. (ఆరు ముక్కలని ఆవిడ అందరితో చెప్పేది; అయిదే.) లేచేటప్పుడు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మొన్న కరోనా లాక్‌డౌన్‌లో మనవరాలు మాస్కు పెట్టుకుని ఇడ్లీలు తెచ్చి, కిటికీ దగ్గర దూరంగా కూర్చుని, నాకు కాలక్షేపానికి లాప్‌టాప్‌లో ఒక మూగ సినిమా పెట్టింది. అదే ఇల్లాలు, అదే రెండు వేళ్లు.

"అమ్మమ్మా, ఇంకో ఇడ్లీ?"

"వద్దులేమ్మా."

"ఓకే" అని డబ్బా మూత పెట్టేసింది. ఇక్కడ పుట్టిన పిల్ల మరి. కడుపేమైనా సాయం వస్తుందేమోనని కాసేపు చూశాను. ఈ వయసులో అదీ మూగ సినిమాయే.