మ్యాప్‌కు ముందు ఫిల్టర్

హేమశ్రీ కీబోర్డు ముందుకు వంగింది. పోర్టు కూలీలకు గేటు పాసులు తీసే ప్రోగ్రాం తనే రాసింది. ఈ ఉదయం ఒక్క పాసూ రాలేదు. కిటికీ బయట మేస్త్రీ వరహాలు, వెనక అతని ముఠా. "ఏటమ్మా, అందర్నీ సముద్రంలో కలిపేసినావేటి? ఇంకాసేపైతే ఓడ పని ఏరే ముఠాకి ఇచ్చేత్తారు!" ఆమె పెదవి కొరుక్కుంటూ ఒక్కో లైనూ చదివింది. ప్రోగ్రాంలో మ్యాప్ అనే మెట్టు ముందే అందరి వివరాలనూ పాసులుగా మార్చేస్తోంది. పాసులో భద్రతా శిక్షణ గడువు తేదీ ఉండదు. ఆ గడువు దాటనివాళ్లనే ఏరాల్సిన ఫిల్టర్, తేదీ కనబడక అందరినీ తోసేస్తోంది. ఫిల్టర్‌ను మ్యాప్ కంటే పైకి జరిపింది. ప్రింటర్ కదిలింది.

వరహాలు కిటికీలోంచి పాసులన్నీ అందుకుని తిరగేశాడు. "మరి నాదేదమ్మా?" ఆమె మళ్లీ చూసింది. ఈసారి ఫిల్టర్ తప్పు చేయలేదు. "నీ శిక్షణ గడువు నిన్నటితో అయిపోయింది, బాబాయ్." అతను వెనక్కి తిరిగి, ఎవరి పాసు వాళ్ల చేతిలో పెట్టాడు.