మూలన చుక్క

"టీచరమ్మా, ఒక్కసారి రా. మీ చాచా పిలిస్తే పలకడం లేదు."

గోడవతల నుంచి చాచీ అలా పిలిచిన రోజు తెల్లారేసరికే మా పక్కింటి చాచా వెళ్లిపోయారు. నిద్రలోనే పోయారు, అదృష్టవంతుడన్నారు అందరూ.

చాచా మార్కాపురం నుంచి శ్రీశైలానికి బస్సు నడిపినవారు. రిటైరయ్యాక ఆ బస్సులనే అట్టతో, ప్లాస్టిక్ రేకుతో జానెడు పొడవున చేసేవారు. వాటికి బోర్డులు కావాలి కదా! ప్రశ్నపత్రాల కోసం నేను కొనుక్కున్న ప్రింటర్ మీద ఆయన కన్నుపడింది. డికాల్ కాగితమని ఒకటుంది. దానిమీద ప్రింటు తీసి నీళ్లలో ముంచితే పైపొర జారి బొమ్మకు అంటుకుంటుంది. చాచా దాన్ని నీళ్ల స్టిక్కరనేవారు.

ముంచేముందు వార్నిష్ కొట్టాలని మాకు తెలియదు. మొదటిది ముంచగానే ఊరి పేరు కాస్తా ఎర్రనీళ్లయిపోయింది. "ఓయమ్మో! ప్యాసింజర్లతో సహా చెరువులో దించితిమే!" అని చాచా తల పట్టుకున్నారు.

అప్పటి నుంచి ప్రతి షీటు మూలనా ఒక ఎర్ర చుక్క అదనంగా వేయించేవారు. ముందు చుక్కను కత్తిరించి ముంచాలి, రంగు నిలిస్తేనే బోర్డు ముంచాలి. పదిసార్లు బాగా వచ్చినా పదకొండోసారీ అంతే. "ఇంకా భయమేంది చాచా?" అంటే, "భయమున్నోడే బ్రేకు చూసుకుంటాడు బేటీ" అనేవారు.

చాచీ భయం వేరు. ఆయన డ్యూటీ చేసినన్నాళ్లూ ఘాట్ రోడ్డు తలచుకుంటూ కూర్చునేదట. సాయంత్రం వీధి మొదట్లో ఆయన హారన్ వినబడితే గానీ లేచి టీ నీళ్లు పెట్టేది కాదట.

ఆఖరి బస్సుకు బోర్డు ఒక్కటే మిగిలింది. పోవడానికి రెండు రోజుల ముందు, వణికే చేత్తో తానే అక్షరాలు రాసి తెచ్చి, "ఈసారి నా రాతే ఉండనీ" అని స్కాన్ చేయించి ప్రింటు తీయించుకెళ్లారు. ఆ చీటీ తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. నా కంప్యూటరూ ఆ వారమే చెడిపోయి అందులోనివన్నీ పోయాయి. ఆయన రాత ఇక ఆ షీటు మీదే ఉంది.

నలభయ్యో రోజు చేసే ఫాతిహా ప్రార్థన దగ్గర పడుతుండగా చాచీ బస్సునూ షీటునూ తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వే అంటించాలమ్మా."

"వార్నిష్ కొట్టినారా చాచీ?"

"కొట్టే ఉంటాడులే. డబ్బా బయటే ఉండె."

ఆ కాగితం మామూలుగానే మెరుస్తుంది, చూసి చెప్పలేం. కొట్టే ఉంటారని నేనూ అనుకున్నాను. షీటు నీళ్ల దాకా తీసుకెళ్లాను కూడా. అప్పుడు కనబడింది మూలన చుక్క. కత్తిరించి వేశాను. చుక్క విచ్చుకుని గిన్నె అంతా ఎర్రబడింది. షీటును గిన్నెకు దూరంగా జరిపాను. ఒక్క క్షణం ఆగకపోయి ఉంటే, ఆయన రాతను నా చేతులతో నేనే కడిగేసేదాన్ని.

మధ్యమధ్య ఆరనిస్తూ మూడు పూతలు కొట్టాను. మర్నాడు సాయంత్రం మళ్లీ గిన్నె పెట్టుకున్నాను. ఈసారి ముంచి చూడటానికి చుక్క లేదు. చాచీ పక్కనే నిలబడింది. కళ్లు మూసుకుని బోర్డు ముంచాను. తెరిచి చూస్తే నీళ్లు తేటగానే ఉన్నాయి.

పొర మెల్లగా జారి బస్సు నుదుటిమీద కూర్చుంది. మార్కాపురం – శ్రీశైలం. అక్షరాలు ఆయన చెయ్యిలాగే వణుకుతున్నాయి.

చాచీ చాలాసేపు చూసింది. బస్సు తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. కాసేపటికి గోడవతల స్టవ్ వెలిగించిన చప్పుడు, గిన్నెలో టీకి నీళ్లు పోస్తున్న చప్పుడు.